మందలో మిగిలిన పోతు

కాజీపేటలో నాగపూర్ వైపు వెళ్లే రైలెక్కితే బల్లార్షా, చంద్రపూర్ దాటాక భాందక్ అనే స్టేషను వస్తుంది. ఊరి పేరు భద్రావతి అయినా స్టేషనుకు మాత్రం పాత పేరే నిలిచిపోయింది. కర్ణాటకలో ఉక్కు కర్మాగారం ఉన్న భద్రావతి వేరు. ఇది మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. చుట్టూ బొగ్గు గనులు, పక్కనే ఆయుధ కర్మాగారం, రాతిని తొలిచిన విజాసన్ బౌద్ధ గుహలు, ఊళ్లో పేరున్న జైన మందిరం, తూర్పు వైపున తాడోబా పులుల అడవి. ఎండాకాలం వచ్చిందంటే ఈ జిల్లా పేరు దేశమంతా వార్తల్లో వినిపిస్తుంది. 46, 47 డిగ్రీలు ఇక్కడ వింత కాదు.

అలాంటి ఎండలో, గని నుంచి తవ్విపోసిన మట్టిదిబ్బ అంచున, వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి తుమ్మకొమ్మను కిందికి లాగుతున్న ఒక మేకను చూసి ఆగాను. ముళ్ల మధ్య పెదవి దూర్చి ఆకును మాత్రం ఒడుపుగా తుంచుకుంటోంది. దాని వెనక మరో పదిహేను మేకలు. కాపరిని పలకరిస్తే తెలుగులోనే జవాబిచ్చాడు.

“ఇవి ఏ జాతి మేకలన్నా?”

“జాతేముంటది సారూ? ఊరి మేకలే. ఇక్కడోళ్లు గావ్‌రానీ అంటరు.”

గావ్‌రానీ అంటే మన నాటు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం చిన్నతనం వినిపించింది. షెడ్డుల్లో పెంచే పొడుగు చెవుల మేకల ముందు తన మేకలకు పేరు లేదన్న చిన్నతనం అది. దానికి కారణం లేదని నా నమ్మకం. ఎందుకు లేదో చెప్పాలంటే చాలా దూరం వెళ్లిరావాలి.

ఆయన నోట తెలుగు వినడం మాత్రం ఆశ్చర్యం కాదు. రసెల్, హీరాలాల్ కలిసి మధ్య పరగణాల కులాలు, తెగల గురించి రాసిన గ్రంథం 1916లో అచ్చయింది. అందులో కురమ్‌వార్ అనే కాపరుల గురించి చెబుతూ, ఆ పరగణాల్లో వాళ్లు చాందా జిల్లాలోనే కనిపిస్తారంటారు. చాందా అంటే ఇవాళ్టి చంద్రపూర్, కురమ్‌వార్ అంటే మన కురుమలే. బొగ్గు కోసం తెలుగువాళ్లు ఈ నేలకు రాకముందే గొర్రె మన మాటను ఇక్కడికి తోలుకొచ్చింది.

ముందు జాతి అన్న మాట సంగతి తేల్చుకుందాం. మేక ఒక జాతి అంటాం, జమునాపారి ఒక జాతి అంటాం. శాస్త్రానికి ఇవి రెండూ ఒకటి కావు. మొదటిది స్పీషీస్, రెండోది బ్రీడ్. మేక, గొర్రె వేరు వేరు స్పీషీస్: మేక కణంలో 60 క్రోమోజోములుంటే గొర్రె కణంలో 54. రెండూ ఒకే దొడ్డిలో పెరిగినా వాటికి పిల్ల పుట్టి బతకడం చాలా అరుదు. బజారులో రెండింటినీ మటన్ అనే ఒక్క మాటతో అమ్ముతారు కాబట్టి ఈ తేడా మనకు తట్టదు. ఏ మాంసం ఏ జంతువుదో డీఎన్‌ఏ చూసి తేల్చే పని హైదరాబాదు శివార్లలో చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో జరుగుతుంది.

అదే జమునాపారి పోతును బెంగాల్ నల్లమేకకు దాటిస్తే పిల్లలు పుడతాయి, వాటికి మళ్లీ పిల్లలు పుడతాయి. ఎందుకంటే బ్రీడ్‌ల మధ్య ప్రకృతి గోడ కట్టలేదు. ఒక ప్రాంతంలో ఏ మేక ఎండకు తట్టుకుంది, ఏది కరువులో కూడా ఈనింది, మనుషులు దేన్ని అట్టిపెట్టుకున్నారు, దేన్ని కోసుకున్నారు అన్న లెక్క వందల ఏళ్లు పోగుపడితే దానికి బ్రీడ్ అని పేరు.

ఆ లెక్క మొదలైన చోటు ఇరాన్ పడమటి దిక్కున ఉన్న జాగ్రోస్ కొండలు. అక్కడ గంజ్ దరే అనే పాత ఊరి దిబ్బలో దాదాపు 10,000 ఏళ్ల నాటి మేక ఎముకలు దొరికాయి. బెజోవార్ అనే అడవి మేక ఎముకలకూ వీటికీ ఆకారంలో తేడా లేదు. మరి ఇవి వేటాడినవా, పెంచినవా? మెలిండా జీడర్, బ్రయన్ హెస్ అనే పరిశోధకులు 2000లో దీన్ని తేల్చిన తీరు చాలా బాగుంటుంది. వాళ్లు ఎముకల ఆకారాన్ని వదిలేసి, మగవి ఏ వయసులో చచ్చాయి, ఆడవి ఏ వయసులో చచ్చాయి అని లెక్కపెట్టారు. మగవి పడుచు వయసులోనే పోయాయి. ఆడవి ముసలితనం దాకా బతికాయి. వేటగాడు అలా చంపడు. పెద్ద కొమ్ముల మగదాని మీదే అతని కన్ను. పోతుపిల్లలను కోసుకుని ఆడవాటిని ఈతకు ఉంచుకునేవాడు కాపరి ఒక్కడే.

2021లో అదే దిబ్బ ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి చదివారు. తల్లి వైపు వంశాలు ఎన్నో రకాలుగా ఉన్నాయి, తండ్రి వైపు వంశాలు మాత్రం కొన్నే. అంటే మందలో ఆడవి చాలా ఉన్నా పిల్లలకు తండ్రులైన పోతులు కొన్నే. మేకను మనిషి మచ్చిక చేసుకున్నాడన్న మాటకు అసలు అర్థం ఇదే: ఏ పోతును మిగల్చాలో తేల్చే అధికారం కొండల నుంచి, తోడేళ్ల నుంచి మనిషి చేతికొచ్చింది. ఈ విషయం గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక పేర్లు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసిన మేకజాతుల్లో మహారాష్ట్ర నుంచి ఉస్మానాబాదీ, సంగమ్‌నేరీ, కొంకణ్ కన్యాల్, బేరారీ ఉన్నాయి. భద్రావతికి దగ్గరిది బేరారీ. నాగపూర్, వార్ధా జిల్లాలు దాని సొంత గడ్డ. ఒంటి రంగు లేత గోధుమ నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది, ముఖానికి రెండు పక్కలా నల్లటి చార దిగుతుంది, వెన్నుపూస వెంట నల్లవెంట్రుకల గీత తోక దాకా సాగుతుంది. తరాల తరబడి ఈ మేకను కూడా గావ్‌రానీ అనే పిలిచారు. కొలతలు తీసి, ఈత లెక్కలు రాసి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఇదే రకం మేక కనిపిస్తుందో పటం గీశాకే దానికి పేరొచ్చింది. ఆ పేరు కోసం మేకలో మారింది ఏమీ లేదు. మన చూపు మారిందంతే.

బేరార్ అన్న మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. నిజాం పెద్దకొడుకుకు బేరార్ యువరాజు అని బిరుదు. ఆ బేరార్‌కు తూర్పు హద్దు వార్ధా నది. భద్రావతి ఆ నదికి ఇవతల ఉంది, కాబట్టి ఈ ఊరు ఆ బేరార్‌లోది కాదు. అయినా బేరార్ పేరు పెట్టుకున్న మేక ఈ ఒడ్డునే నాగపూర్, వార్ధాల్లో మేస్తోంది. రాజులు గీసుకున్న హద్దులు మేకకు పట్టవు. చెట్టుకూ వానకూ ఉన్న హద్దులే దానికి తెలిసినవి.

ఉస్మానాబాదీ పేరులోనూ నిజామే ఉన్నాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరిట ఉస్మానాబాద్ అయిన జిల్లా ఇప్పుడు ధారాశివ్ అయింది, మేక మాత్రం ఉస్మానాబాదీగానే ఉంది. ఎక్కువగా నల్లటి ఒళ్లు, పొడుగు కాళ్లు, కరువు నేలకు అలవాటైన గట్టి ప్రాణం. దానికి కవలలు మామూలే. మరాఠ్వాడా నుంచి తెలంగాణ సరిహద్దు ఊళ్ల దాకా ఈ నెత్తురు పాకింది. మన పల్లెల్లో నల్లమేక అని ఊరుకునే వాటిలో ఎన్నింటికి ఈ చుట్టరికం ఉందో కొలిచి చూడాల్సిన పని.

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.89 కోట్లు. మహారాష్ట్రలో కోటికి పైనే. తెలంగాణలో 49 లక్షలు, గొర్రెలు మాత్రం 1.9 కోట్లు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణ గొర్రెల నేల, విదర్భ మేకల నేల. కారణం గడ్డిలోనూ కొమ్మలోనూ ఉంది.

గొర్రె తల వంచి గడ్డి కొరుకుతుంది. మేక తల ఎత్తి ఆకు కోస్తుంది. కదిలే పై పెదవి, సన్నటి మూతి, నిలబడగల వెనక కాళ్లు, ఇవన్నీ పొద కోసం తయారైనవి. తుమ్మ, రేగు, మోదుగ, బలుసు వంటి ఆకుల్లో వగరు ఉంటుంది. ఆ వగరు టానిన్లది. తనను తినేవాళ్ల కడుపులో మాంసకృత్తులను బిగించి అరగకుండా చేయడం చెట్టు వేసుకున్న ఎత్తు. గొర్రె కంటే, ఆవు కంటే మేక ఆ వగరును బాగా తట్టుకుంటుంది. ఒకే చెట్టు దగ్గర కడుపు నింపుకోదు కూడా. నాలుగు నోళ్లు ఇక్కడ, రెండు నోళ్లు అక్కడ తిని ముందుకు పోతుంది. కాపరులు దీన్ని మేక చపలత్వం అని విసుక్కుంటారు. విషం ఎక్కడా ఎక్కువ కాకుండా చూసుకునే తెలివి అది.

ఈ మేత అలవాటులో ఇంకో సంగతి దాగి ఉంది, షెడ్డు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సినది. మేకల్ని ఎక్కువగా చంపేది పులి కాదు, నట్టలు. వాటిలో హీమాంకస్ అనే పురుగు నాలుగో కడుపు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది, ఒక్కో ఆడపురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. గుడ్లు పెంటికలతో నేల మీద పడి, పిల్లపురుగులై, తడిసిన గడ్డి పరకల అడుగుభాగానికి ఎక్కి కూర్చుంటాయి. నేలకు దగ్గరగా మేసే గొర్రెకు వేల తరాలుగా ఈ పురుగుతో పోరాటం అలవాటు, ఒంట్లో కొంత ఎదురుశక్తి పెరిగింది. మోకాలెత్తు పైన మేసే మేకకు ఆ అవసరం రాలేదు. ఆ మేకను వానాకాలంలో పచ్చగడ్డి మడిలో తోలితే ఆయుధం లేకుండా యుద్ధానికి పంపినట్టే. పచ్చగా ఉంది కదా, బాగా తింటుంది కదా అనుకుంటాం. నెలరోజుల్లో దవడ కింద నీరు దిగి మేక పడిపోతుంది.

దీనికి దక్షిణాఫ్రికా పశువైద్యులు ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. మేక కింది కంటిరెప్పను వేలితో దించి లోపలి రంగు చూడాలి. ఎర్రగా ఉంటే రక్తం బాగుంది, మందు అక్కర్లేదు. తెల్లగా పాలిపోతే వెంటనే నట్టల మందు పట్టాలి. అన్నిటికీ ప్రతిసారీ మందు పోస్తే పురుగులు ఆ మందుకు అలవాటు పడతాయి, పైగా ఏ మేకకు సొంతంగా తట్టుకునే గుణం ఉందో మనకు ఎప్పటికీ తెలియదు. రెప్ప రంగు చూసి రాసుకునే కాపరికి రెండేళ్లలో తన మందలో ఏ తల్లి గట్టిదో తెలిసిపోతుంది. ఖర్చు లేని జన్యుపరీక్ష ఇది.

ఇక ఎండ. చంద్రపూర్ వేసవిని మేక ఎలా నెట్టుకొస్తుందో అర్థం కావాలంటే సినాయ్ ఎడారి దాకా వెళ్లాలి. అక్కడి బెదూయిన్ కాపరుల నల్లమేకలకు రెండు నుంచి నాలుగు రోజులకోసారి నీళ్లు దొరుకుతాయి. దొరికినప్పుడు కొద్ది నిమిషాల్లో ఒంటి బరువులో మూడో వంతుకు పైగా తాగేస్తాయి. అంత నీరు ఒక్కసారిగా రక్తంలో కలిస్తే ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోవాలి. మేకకు అలా జరగదు, ఎందుకంటే మొదటి కడుపు చెరువులా నీటిని పట్టి ఉంచి మెల్లమెల్లగా వదులుతుంది. ఎడారిలో నలుపు ఎందుకు అని కూడా పరిశోధకులు కొలిచి చూశారు. నల్లమేక ఎండలో ఎక్కువ వేడి పట్టుకుంటుంది, అది నిజమే. కాని చలికాలపు పొద్దున అదే నలుపు ఒంటికి కుంపటవుతుంది, ఆ మేరకు మేత ఆదా అవుతుంది. వేసవి నష్టాన్ని నీళ్లతో తీర్చుకోవచ్చు. చలికాలంలో మేతే దొరకదు. ఉస్మానాబాదీ నలుపును చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

మేక కంటిపాప అడ్డంగా, దీర్ఘచతురస్రంలా ఉండటం మీరు చూసే ఉంటారు. బర్క్లీలో మార్టిన్ బ్యాంక్స్ బృందం 2015లో దీని లాభం లెక్కగట్టింది: నేల వెంట ఏ దిక్కు నుంచి ఏది కదిలి వస్తున్నా కనిపిస్తుంది. మేక తల వంచి మేస్తే పాప కూడా నిలువుగా తిరిగిపోవాలి కదా? తిరగదు. తల ఎంత వంగితే కనుగుడ్డు అంత వెనక్కి తిరిగి పాపను నేలకు సమాంతరంగానే ఉంచుతుంది, 50 డిగ్రీల దాకా. మేకవన్నె పులి అని మనం సామెతగా అంటాం, తాడోబా అంచు పల్లెల్లో చిరుత నిజంగానే దొడ్డి దాకా వస్తుంది. అక్కడ ఈ కన్ను అలంకారం కాదు.

ఇప్పుడు సైజు సంగతి. మేకలు పెంచాలనుకునే కుర్రవాళ్లు ముందుగా అడిగేది జమునాపారినే. వంపు తిరిగిన చిలకముక్కు, వేలాడే పొడుగు చెవులు, ఏనుగు గున్నలా నడక. యమున, చంబల్ లోయల మేక అది, ఇటావా జిల్లా దాని ఇల్లు. ఇంగ్లండులో ఆంగ్లో నూబియన్ జాతి తయారు కావడంలోనూ, ఇండోనేషియాలో ఇటావా పేరుతోనే ఉన్న జాతి తయారు కావడంలోనూ దాని రక్తం ఉంది. గొప్ప మేకే. అయితే ఆ లోయల్లోని పొదలు, ఆ నేల దానికి అలవాటు. భద్రావతి ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేసి అక్కడి పాలు, అక్కడి ఎదుగుదల కావాలంటే రావు.

ఇంకో చివర బెంగాల్ నల్లమేక. ఆడది దాదాపు 20 కిలోలుంటుంది. ఈతకు రెండు పిల్లలు మామూలు, మూడూ అరుదు కాదు. చర్మం నాణ్యతకు పేరు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. జంతువు బరువు రెట్టింపయితే దాని మేత అవసరం రెట్టింపు కాదు. 1932లో క్లైబర్ చూపించిన సూత్రం ప్రకారం 1.68 రెట్లవుతుంది. అంటే 40 కిలోల మేక ఒకటి తినే దానికంటే 20 కిలోల మేకలు రెండు కలిసి ఐదో వంతు ఎక్కువ తింటాయి. మేత లెక్కలో పెద్దదే పొదుపు. ఈత లెక్క వేస్తే తిరగబడుతుంది: పెద్దది ఒక్క పిల్లనిచ్చే చోట చిన్నవి రెండూ కలిసి నాలుగు ఇస్తాయి. పెద్దది చస్తే ఇంటి పెట్టుబడంతా పోయినట్టు, చిన్నవాటిలో ఒకటి చచ్చినా ఒకటి మిగులుతుంది. బిడ్డ జబ్బుకో బడి ఫీజుకో డబ్బు కావలసి వచ్చినప్పుడు సగం మేకను అమ్మలేం. పేదవాళ్ల ఇళ్లలో మేకలు చిన్నవిగా ఉండటం వెనక ఇంత ఆలోచన ఉంది. మరాఠీలో మేకను “గరీబాచీ గాయ్” అంటారు, పేదవాడి ఆవని. నాకు అది ఆవు కంటే బ్యాంకు ఖాతాలాగే ఎక్కువ కనిపిస్తుంది.

గొర్రె ముచ్చటే అయినా ఇక్కడ ఒకటి చెప్పకుండా ఉండలేను. సుందర్‌బన్ చిత్తడిలో గారోల్ అనే బక్కపలచని గొర్రె ఉంది. దాని వైపు ఎవరూ కన్నెత్తి చూసేవాళ్లు కాదు. ఆస్ట్రేలియాలో బూరూలా అనే మెరినో గొర్రెలకు కవలలు ఎక్కువగా పుట్టడానికి కారణమైన జన్యువూ, మన గారోల్‌లో ఉన్నదీ ఒకటేనని తేలింది. 1790లలో బెంగాల్ నుంచి ఓడలో వెళ్లిన గొర్రెలే దాన్ని అక్కడికి మోసుకెళ్లి ఉంటాయని శాస్త్రవేత్తల ఊహ. మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఆ జన్యువును గారోల్ నుంచి దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారీ సువర్ణ అనే రకాన్ని తయారు చేసింది. అదే సంస్థ దక్షిణాఫ్రికా బోయర్ మేకనూ తెప్పించి మాంసం కోసం స్థానిక మేకలతో కలిపింది. ఒక పని బయటి సంపదను తేవడం, ఇంకోటి ఇంట్లో ఉన్న సంపదను గుర్తుపట్టడం. రెండోదే నన్ను ఎక్కువ కదిలిస్తుంది.

పైపై గుర్తులు చూసి మేకను కొనడం గురించి ఒక హెచ్చరిక చేయాలి. కొమ్ములు లేని బోడి మేకలు సాధువుగా ఉంటాయని, దొడ్డిలో ఒకదాన్నొకటి పొడుచుకోవని కొందరు బోడి పోతునూ బోడి మేకనూ జత కడతారు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2001లో దీని లోగుట్టు బయటపెట్టారు. మేకలో బోడితనాన్ని తెచ్చే జన్యులోపమే, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే ఆడపిల్లలో అండాశయం ఎదగకుండా చేస్తుంది. ఆ పిల్ల ఆడదీ కాదు, మగదీ కాదు, ఎన్నటికీ సూడి కట్టదు. ఇద్దరూ బోడి అయితే ఆడపిల్లల్లో నాలుగో వంతు ఇలా పోవచ్చు. మందలో కొమ్ముల పోతు ఒకటి ఉంచితే ఈ చిక్కే లేదు.

మేక మెడ చన్నుల సంగతి దీనికి ఎదురు. పాలివ్వని ఆ రెండు లోలకులను మన కవులు పనికిరానితనానికి పోలికగా వాడారు. అవి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, పిల్లలో కనిపిస్తాయి. వాటితో మేకకు లాభమూ లేదు, నష్టమూ లేదు. బజారులో వాటికి ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి.

పాల గురించి రెండు మాటలు. భద్రావతి నుంచి ఇదే రైలు దారిలో ముందుకెళితే సేవాగ్రామ్ వస్తుంది. 1919 మొదట్లో, పాలు మానేసిన గాంధీజీ జబ్బుపడి లేచాక, కస్తూర్బా మాట మీద మేకపాలకు ఒప్పుకున్నారు. 1936 నుంచి ఆయన సేవాగ్రామ్‌లో ఉన్నారు. మేకపాలలో కొవ్వు గోళాలు చిన్నవి, తేలిగ్గా అరుగుతాయి. మేత నుంచి వచ్చే పసుపు కెరోటిన్‌ను మేక పూర్తిగా విటమిన్ ఏగా మార్చేస్తుంది కాబట్టి ఆ పాలు తెల్లగా ఉంటాయి. అయితే వాటిలో ఫోలిక్ ఆమ్లం చాలా తక్కువ. చంటిపిల్లకు ఒట్టి మేకపాలే పడితే రక్తం తగ్గిపోతుంది. మేకపాలు సర్వరోగ నివారిణి అని ఎవరన్నా చెబితే ఈ సంగతి గుర్తుచేయండి.

మేక మీద ఉన్న పెద్ద నింద అడవిని తినేస్తుందని. తాడోబా 1955లో జాతీయ ఉద్యానం, 1995లో పులుల అభయారణ్యం అయింది. అడవికి కంచె పడ్డకొద్దీ మేకకు చోటు తగ్గింది, కంచె దాటిన కాపరికి ప్రాణభయం పెరిగింది. ఇది ఇక్కడి గొడవ ఒక్కటే కాదు, దేశమంతా ఉన్నది. 1987లో కేంద్ర ప్రభుత్వం ఈ నిందలో నిజమెంతో తేల్చమని ఒక కార్యదళాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు మన కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థికవేత్త చెన్నమనేని హనుమంతరావు. మేక వల్లే అడవి నాశనమవుతోందనడానికి గట్టి రుజువు లేదని ఆ కార్యదళం చెప్పింది. నరికేసిన అడవిలో, ఎండిపోయిన బీడులో చివరిదాకా బతికి కనిపించేది మేక ఒక్కటే. అన్నీ పోయాక అక్కడ నిలబడి ఉన్నందుకే నేరం దాని మెడకు చుట్టుకుంది. అయితే చిగురు వేసే మొక్కల మధ్య మేకలను అదుపు లేకుండా వదిలితే నష్టం ఉండదని నేను అనను. పొలం గట్ల మీద సుబాబుల్, అవిశ పెంచి కోసి వేసే అలవాటు, వానాకాలం మొదట్లో రెండు నెలలు అడవికి విరామం ఇచ్చే కట్టుబాటు ఊరు ఊరంతా కలిసి పెట్టుకోవాల్సినవి.

జబ్బుల్లో పీపీఆర్ ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. ముక్కు, కళ్లు కారి, నోరు పుండై, పారుడు పట్టి వారం రోజుల్లో సగం మందను తుడిచిపెట్టే వైరస్ ఇది. మనదేశంలో 1987లో తమిళనాడు అరసూరులో మొదటిసారి కనిపించింది. దీనికి మన దేశంలోనే తయారయ్యే టీకా ఉంది. ఒక్క సూది మూడేళ్ల పైన కాస్తుంది. కొత్త జాతి మేకలకు వేలు పోసి, ఈ టీకా వేయించక పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ పని చేయడానికి ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో మహిళా సంఘాల నుంచి పశుసఖులు తయారవుతున్నారు. పిలిస్తే ఇంటికి వస్తారు.

మళ్లీ ఆ మట్టిదిబ్బ దగ్గరికి వద్దాం. ఆ పదిహేను మేకల్లో పోతు ఏదని అడిగాను. చూపించాడు. పొట్టిగా, వెనక భాగం సన్నగా, మందలో అన్నిటికంటే బక్కగా ఉంది. మంచివి ఏవి అంటే, “అమ్మేసినం సారూ. బక్రీదుకు బేరం వచ్చింది. ఇది ఎవ్వరు కొనలే, ఉండిపోయింది,” అన్నాడు.

గంజ్ దరే కాపరి పోతుపిల్లలను కోసుకున్నా కొన్నిటిని ఉంచుకున్నాడు. ఇవాళ ఆ ఎంపిక బజారు చేస్తోంది. ఆరు నెలలకే బరువెక్కిన పిల్ల, కవలల్లో పుట్టినా బాగా ఎదిగిన పిల్ల, జబ్బు ఎరగని పిల్ల, అన్నీ ముందు అమ్ముడుపోతాయి. ఎవరూ కొననిది మందలో మిగిలి, అన్ని మేకలనూ అదే దాటుతుంది. ఆడమేక తన జీవితంలో పది, పదిహేను పిల్లలను కంటుంది. పోతు ఒక్కటి 25 మేకల మందలో ఒక్క ఏడాదిలో 40 పిల్లలకు తండ్రి కాగలదు, ప్రతి పిల్లలోనూ సగం దానిదే. ఎదగని పోతుకు ఆ అధికారం ఇచ్చి, పదేళ్ల తర్వాత నాటుమేక పనికిరాదు, దూరదేశపు జాతి తేవాలి అంటున్నాం. మేకలో తప్పు లేదు, మనం మిగిల్చిన దానిలో ఉంది. ఇథియోపియాలో కాపరులు ఊరంతా కలిసి మంచి పొట్టేళ్లను గుర్తించి, అమ్మకుండా ఉమ్మడిగా ఉంచుకుని తమ నాటుగొర్రెలనే మెరుగుపరుచుకున్నారు. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక త్రాసు, ఊళ్లో నలుగురి మధ్య మాట చాలు.

మీకు మేకలుంటే, మీ ఇంట్లో కాకపోయినా మీ ఊళ్లో ఉంటే, ఈ నాలుగు పనులు చేయండి. కవలలను కని రెండింటినీ బతికించుకున్న తల్లికి పుట్టిన పోతుపిల్లకు చెవికి గుర్తు పెట్టండి. మూడో నెలలో, ఆరో నెలలో తూచి రాసుకోండి. దాని కూతుళ్లు ఎదకు వచ్చేలోపు, అంటే ఏడాదిన్నర రెండేళ్లకు, దాన్ని పక్క ఊరి మందకు ఇచ్చి వాళ్ల పోతును మీరు తెచ్చుకోండి. పండగ ముందు బేరగాడు వాకిట్లో నిలబడి అన్నిటికంటే ఎక్కువ ధర ఏ పోతుకు చెబుతాడో, ఆ ఒక్కదాన్ని మాత్రం అమ్మకండి.